పదిమంది కలిసి చేయు వ్యాపారము – పనుల పంపకము, బాధ్యతల కట్టుబాటు

ఒంటరిగా సేద్యము చేసికొను రైతుకు "నిర్మాణము" అను మాటతో పనిలేదు. విత్తనము కొనునది ఆయనే, కూలీలను పిలుచునది ఆయనే, పంట అమ్మి సొమ్ము లెక్కించునది ఆయనే. ఇంటిల్లిపాది తలా ఒక చేయి వేసినను, తుది మాట ఎవరిదో అందరికిని తెలిసియే యుండును. కాని పదిమంది రైతులు కలిసి ఒక వ్యాపారము మొదలుపెట్టిన నాటినుండి ఈ సౌకర్యము ఉండదు. ఎరువులు ఎవరు కొనవలెను? కాటా దగ్గర ఎవరు నిలువవలెను? సొమ్ము ఎవరి చేతిలో నుండవలెను? పొరపాటు జరిగినచో ఎవరిని అడుగవలెను? ఈ ప్రశ్నలకు ముందుగా జవాబు వ్రాసికొనని సంఘము, ఎంత మంచివారు చేరినదైనను, నాలుగు కాలములపాటు నిలుచుట కష్టము.

2020వ సంవత్సరములో కేంద్ర ప్రభుత్వము దేశమందు 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థలను నెలకొల్పు పథకమును ప్రారంభించినది. మన తెలుగు రాష్ట్రములలో కూడ అట్టి సంస్థలు చాల ఏర్పడినవి. సభ్యులను చేర్చుట, వాటా ధనము వసూలు చేయుట, పేరు నమోదు చేయించుట – ఇవి కొన్ని నెలల పని. ఆ తరువాత ప్రతి దినము పని నడుపుటయే అసలైన పరీక్ష. కావున సంఘములు, కంపెనీలు లోపల తమ పనిని ఎన్ని విధములుగా పంచుకొనునో, అందు ఏది ఎప్పుడు పనికివచ్చునో ఈ వ్యాసములో వివరింతును.

నేను చూచిన ఒక సంఘము

నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో, ఒక మెట్ట గ్రామములో 42 మంది వేరుశనగ రైతులు ఒక సంఘముగా చేరిరి. దళారి చేతిలో పడక, కాయలను నేరుగా నూనె మిల్లుకు అమ్ముకొనవలెనని వారి ఉద్దేశము. అధ్యక్షునిగా ఊరిలో అందరును గౌరవించు ఒక పెద్దరైతును ఎన్నుకొనిరి. ఆయన నిజాయితీపరుడు, శ్రమజీవి. కాటా ఆయన ఇంటి ముందే పెట్టిరి. తూకము వేసినది ఆయన, లెక్క వ్రాసినది ఆయన, మిల్లు యజమానితో బేరమాడినది ఆయన, సొమ్ము తెచ్చి పంచినది కూడ ఆయనే. మొదటి సంవత్సరము అందరికిని నాలుగు డబ్బులు ఎక్కువ వచ్చినవి. సంఘమనిన ఇట్లుండవలెనని నేను కూడ సంతోషించితిని.

రెండవ సంవత్సరము సరిగా కాయలు వచ్చు సమయమునకు ఆయనకు జబ్బుచేసి మూడు వారములు ఆస్పత్రిలో నుండవలసి వచ్చినది. బస్తాలు ఆయన వసారాలో పేరుకొనిపోయినవి. ఏ బస్తా ఎవరిదో ఆయనకు మాత్రమే తెలియును. కొందరికి రశీదు చీటీలు ఉన్నవి, కొందరికి లేవు. మిల్లునుండి రావలసినది ఎంతో ఎవరికిని తెలియదు. ఆయన తిరిగివచ్చునప్పటికి ధర పడిపోయినది. ఊరిలో మాటలు లేచినవి. చివరకు లెక్క తేలక, ఆయన తన సొంత సొమ్ము కొంత చేర్చి అందరికిని ముట్టజెప్పినాడు. సంఘము ఆ ఏటితో విడిపోయినది.

ఇందులో దొంగతనము చేసినవారు ఎవరును లేరు. లోపమంతయు పనిని అమర్చిన తీరులోనే యున్నది. ఆ లోపమును చూడవలసినవాడను నేను కూడ చూడలేదు. రెండు పేజీల కాగితముపై పనులు పంచి వ్రాసికొని యుండినచో ఆ సంఘము నేటికిని నిలిచియుండెడిదని నా నమ్మకము.

నిర్మాణమనగా ఏమి?

నిర్మాణమనగా మూడు ప్రశ్నలకు వ్రాతపూర్వకమైన జవాబు. మొదటిది: ఏ పని ఎవరిది? రెండవది: ఎవరు ఎవరికి జవాబుదారి? మూడవది: ఎవరు ఎంతవరకు, ఇతరులను అడుగకుండ, సొంతముగా నిర్ణయము చేయవచ్చును?

ఈ సంగతిని బొమ్మ రూపములో మొదట గీయించినవారిలో డేనియల్ మెక్‌కాలమ్ అను ఆయన ముఖ్యుడు. ఆయన అమెరికాలో న్యూయార్క్ – ఈరీ రైలుమార్గమునకు జనరల్ సూపరింటెండెంటు. వందలాది మైళ్ల మార్గములో పనిచేయు ఉద్యోగులను ఒక్క చోటనుండి నడుపుట కష్టమైనందున, 1855లో ఆయన తన సంస్థ నిర్మాణమును ఒక పటముగా గీయించినాడు. ఆ పటము చెట్టువలె నుండును. సంస్థను నడుపు డైరెక్టర్ల మండలి పైన కాక, క్రింద మొదలు దగ్గర నుండును. స్టేషనులు, పనివారు పైకి పోవు కొమ్మలుగా నుందురు. రైతులకు ఈ పోలిక చక్కగా బోధపడును. చెట్టులో వేరు కొమ్మమీద పెత్తనము చేయదు, దానికి నీరందించును. కొమ్మ ఎక్కడ విరిగినదో చూచిన వెంటనే తెలియును. మీ సంఘమునకు కూడ ఇట్టి పటమొకటి గీసి ఆఫీసు గోడకు తగిలింపవలెను.

ఇక వివిధ పద్ధతులను ఒక్కొక్కటిగా చూతము.

1. వరుస పద్ధతి

ఇది అన్నిటికంటె పాతది, తేలికైనది. పైనున్నవాడు తన క్రిందివానికి చెప్పును, ఆతడు తన క్రిందివానికి చెప్పును. సైన్యము, పోలీసు శాఖ ఇట్లు నడచును. వ్యవసాయ శాఖలో కూడ రాష్ట్ర అధికారి, జిల్లా అధికారి, మండల అధికారి, గ్రామ స్థాయి సిబ్బంది అను వరుస యున్నది.

దీనిలోని గుణము స్పష్టత. ప్రతివానికిని అధికారి ఒక్కడే. హెన్రీ ఫేయోల్ అను ఫ్రెంచి గని ఇంజనీరు చాల కాలము ఒక గనుల కంపెనీని నడిపి, తన అనుభవమును 1916లో ప్రకటించినాడు. ఒక పనివానికి ఒక్క అధికారినుండియే ఆజ్ఞలు రావలెనన్నది ఆయన చెప్పిన సూత్రములలో ముఖ్యమైనది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దలు చెప్పినదియు ఇదియే. ఐదారుగురు పనివారున్న చిన్న సంఘమునకు ఈ పద్ధతి చాలును.

దీనిలోని దోషమేమనగా, భారమంతయు తలమీదనే పడును. ఆ తలకు నొప్పి వచ్చినచో ఒళ్లంతయు పడకవేయును. పైన చెప్పిన వేరుశనగ సంఘములో జరిగినది ఇదియే. కావున వరుస పద్ధతిని అనుసరించువారు, మొదటివాడు లేనప్పుడు ఆ పని ఎవరు చూడవలెనో తప్పక వ్రాసి యుంచవలెను.

2. పనులవారీ పద్ధతి

పని పెరిగినకొలది ఒక్కడే అన్నియు నేర్చుకొనలేడు. ఎరువుల కొనుగోలు ఒక విద్య, గిడ్డంగిలో ధాన్యమును పురుగు పట్టకుండ కాపాడుట మరియొక విద్య, లెక్కలు వేరొక విద్య, మార్కెట్ యార్డులో బేరము ఇంకొక విద్య. కావున కొనుగోలుకు ఒకరిని, గిడ్డంగికి ఒకరిని, లెక్కలకు ఒకరిని, అమ్మకమునకు ఒకరిని నియమించి, వీరందరిని ఒక ముఖ్య అధికారి క్రింద నుంచుదురు. ఇదియే పనులవారీ పద్ధతి. మధ్యరకపు సంస్థలలో ఎక్కువగా కనబడునది ఇదియే.

అమెరికా దేశస్థుడగు ఫ్రెడరిక్ టేలర్ ఈ ఆలోచనను చాల దూరము తీసికొనిపోయినాడు. కర్మాగారములో ఒక్కొక్క పనివానిపై ఎనిమిది మంది వేర్వేరు మేస్త్రీలు, తలా ఒక విషయములో ఆజ్ఞలు ఇయ్యవలెనని ఆయన సూచించెను. ఇది ఎక్కువచోట్ల నిలువలేదు. ఎనిమిది మంది ఎనిమిది మాటలు చెప్పినచో పనివాడు ఎవరి మాట వినవలెను? పనులను విభజింపవచ్చును గాని, ఒక్క మనిషిమీద పెత్తనమును విభజింపరాదని దీనివలన తెలియుచున్నది.

పనులవారీ పద్ధతిలో మరియొక దోషము కలదు. ప్రతివాడును తన పని వరకే చూచుకొనును. కొనుగోలు చూచునతడు చవుకగా వచ్చినవని పలుచని గోనె సంచులు కొనును. ఆతని లెక్కలో అది ఆదా. ఆ సంచులు చిరిగి యార్డులో ధాన్యము కారిపోయినప్పుడు నష్టము అమ్మకము చూచువాని లెక్కలో పడును. కావున వారమునకు ఒకసారియైనను నలుగురును ఒకచోట కూర్చుండి మాట్లాడుకొను ఏర్పాటు ఉండవలెను.

3. సలహాదారులతో కూడిన వరుస పద్ధతి

కొన్ని పనులకు నిపుణుల సలహా కావలెను. కాని ఆ నిపుణునికి పెత్తనము అక్కరలేదు. మన జిల్లాలలోని కృషి విజ్ఞాన కేంద్రముల శాస్త్రవేత్తలను చూడుడు. తెగులు గుర్తించి మందు చెప్పుదురు, క్రొత్త వంగడమును ప్రదర్శన క్షేత్రములో చూపుదురు. కాని మండల వ్యవసాయ అధికారిని వారు ఆజ్ఞాపింపరు. ఆయన తన శాఖ వరుసలోనివాడు. సలహా ఒకవైపునుండి, ఆజ్ఞ వేరొకవైపునుండి వచ్చును.

రైతుల సంస్థలలో కూడ చార్టర్డ్ అకౌంటెంటు, న్యాయవాది, విత్తన నిపుణుడు ఇట్టి స్థానములో నుండవలెను. సలహాదారుడు నేరుగా గిడ్డంగి కాపలావానికి హుకుము జారీచేయుట మొదలుపెట్టినచో చిక్కులు వచ్చును. అట్లే, సలహా విని కూడ దానిని పాటింపకుండుటకు కారణమేమో ముఖ్య అధికారి వ్రాసి యుంచుట మంచిది.

4. విభాగములవారీ పద్ధతి

ఒక సంస్థ పలు రకముల వ్యాపారములు చేయునప్పుడు పనులవారీ పద్ధతి చాలదు. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ మొదట తుపాకిమందు చేయునది. మొదటి ప్రపంచ యుద్ధము తరువాత రంగులు, రసాయనములు మొదలగు ఇతర సరకులలోకి దిగినది. అన్నిటికిని ఒకే కొనుగోలు శాఖ, ఒకే అమ్మకపు శాఖ ఉండుటవలన ఏ సరకులో నష్టము వచ్చుచున్నదో, ఎవరు బాధ్యులో తెలియకుండెను. అందుచే 1921లో ఒక్కొక్క సరకును ఒక్కొక్క విభాగముగా చేసి, ఒక్కొక్క విభాగమునకు వేరు అధికారిని, వేరు లాభనష్టముల లెక్కను ఏర్పరచిరి. అదే కాలములో జనరల్ మోటార్స్ కంపెనీని ఆల్‌ఫ్రెడ్ స్లోన్ ఈ విధముగానే తీర్చిదిద్దెను.

మనకు దీనితో పనియేమని మీరు అడుగవచ్చును. మీ సంస్థకు ఎరువుల దుకాణము ఒకటి, ట్రాక్టరు, కోత యంత్రముల అద్దె ఒకటి, పంట కొని అమ్ము వ్యాపారము ఒకటి ఉన్నవనుకొందము. మూడింటి సొమ్మును ఒకే ఖాతాలో కలిపి వ్రాసినచో, దుకాణములో వచ్చిన లాభము యంత్రముల నష్టమును కప్పివేయును. ఏటికేడు యంత్రములు సొమ్ము తినివేయుచున్నను ఎవరికిని తెలియదు. చిన్న సంస్థ మూడు విభాగములకు ముగ్గురు అధికారులను పెట్టుకొనలేదు, అక్కరలేదు కూడ. కాని మూడు వేరు లెక్కలు తప్పక వ్రాయవచ్చును. సిబ్బందిని పెంచకుండగనే ఈ పద్ధతిలోని మేలును ఇట్లు పొందవచ్చును.

5. జోడు పద్ధతి

ఒకే మనిషి ఇద్దరు అధికారులకు జవాబుదారిగా నుండు పద్ధతి ఇది. 1960 తరువాతి దశకములో అమెరికాలోని విమాన, అంతరిక్ష పరిశ్రమలలో ఇది ప్రచారములోనికి వచ్చినది. అచ్చటి ఇంజనీరు తన శాఖాధికారికిని, తాను పనిచేయు ప్రత్యేక పథకపు అధికారికిని, ఇద్దరికిని లోబడి పనిచేయును.

మన సంస్థలలో కూడ తెలియకుండగనే ఈ పద్ధతి వచ్చుచుండును. ఒక గ్రామములో క్షేత్ర సహాయకుడున్నాడు. ఆ గ్రామపు రైతు బృందము అతనికి రోజువారీ పని చెప్పును. విత్తనోత్పత్తి చూచు అధికారి నాలుగు గ్రామములలోని విత్తనపు పొలముల పని చెప్పును. కలుపు తీయించవలసిన సమయమున ఇద్దరును ఒకే దినమున పిలిచినచో ఆతడు ఎచ్చటికి పోవలెను? కావున ఈ పద్ధతి ఫేయోల్ సూత్రమునకు విరుద్ధము. తప్పనిసరియైనప్పుడు, కొద్ది కాలపు పనికి మాత్రమే వాడవలెను. ఆతని జీతము, సెలవు మంజూరు చేయువారెవరో, ఇద్దరి మాటలు కలియనప్పుడు ఎవరి మాట చెల్లునో మొదటనే వ్రాసి యుంచవలెను.

6. శ్రేణుల సమాఖ్య

రైతులకు అన్నిటికంటె ఎక్కువ పాఠము నేర్పునది ఈ పద్ధతి. గుజరాతులోని ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారులు, పాలు కొను గుత్త వ్యాపారికి పాలు పోయుట మానివేసి, త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వమున తమ సహకార యూనియన్‌ను ఏర్పరచుకొనిరి. ఇది 1946 డిసెంబరులో రిజిస్టరు అయినది. ఆరంభములో రెండు గ్రామ సంఘములు, దినమునకు సుమారు 250 లీటర్ల పాలు మాత్రమే. తరువాత వర్గీస్ కురియన్ అను యువ ఇంజనీరు దాని మేనేజరుగా చేరినాడు. ఈ ఆనంద్ నమూనాను దేశమంతట వ్యాపింపజేయుటకే 1965లో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి ఏర్పడినది. అమ్మకము కొరకు 1973లో గుజరాతు రాష్ట్ర సమాఖ్య ఏర్పడినది. అమూల్ పేరు దేశమంతట తెలిసినదే.

ఆ నమూనాలోని అమరికను గమనింపుడు. గ్రామ సంఘము పాలు పోయించుకొని, వెన్న శాతము చూచి, ధర కట్టును. అంతవరకే దాని పని. పాలు శుద్ధిచేయుట, పశువైద్యము, దాణా తయారీ – ఇవి ఒక గ్రామము చేయలేనివి. వీటిని జిల్లా యూనియన్ చేయును. దూరపు పట్టణములలో అమ్మకము, ప్రకటనలు – ఇవి ఒక జిల్లా చేయలేనివి. వీటిని రాష్ట్ర సమాఖ్య చేయును. క్రింది మెట్టు చేయగల పనిని పై మెట్టు తీసికొనదు. క్రింది మెట్టువారే పై మెట్టు పాలకవర్గమును ఎన్నుకొందురు. అనగా సరకు క్రిందినుండి పైకి పోవును, సొమ్ము పైనుండి క్రిందికి వచ్చును, అధికారము క్రిందినుండియే పుట్టును.

త్రిభువన్‌దాస్ పటేల్ రైతుల ప్రతినిధి. కురియన్ జీతము తీసికొను మేనేజరు. మొదటివారు ఏమి కావలెనో చెప్పిరి, రెండవవారు ఎట్లు చేయవలెనో చూచుకొనిరి. ఎన్నికైనవారు రోజువారీ పనిలో వేలుపెట్టక, మేనేజరు యజమానినని తలపక, ఒకరి హద్దులో ఒకరు అడుగు పెట్టకుండుటవలననే ఆ సంస్థ పెరిగినది. మన ప్రాంతములో 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి ఆధ్వర్యమున ప్రారంభమైన ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు కూడ అప్పు, ఎరువులు, పంట అమ్మకము – మూడింటిని ఒకే కప్పు క్రింద నడిపి పేరు పొందినది.

చట్టము ఏమి చెప్పును?

నిర్మాణము కొంతవరకు మీ ఇష్టము. కొంతవరకు మీరు ఎన్నుకొన్న చట్టము నిర్ణయించును.

భాగస్వామ్య వ్యాపారము 1932 నాటి చట్టము ప్రకారము నడచును. ఇందులో సంస్థ చేసిన అప్పునకు ప్రతి భాగస్వామియు తన సొంత ఆస్తితో సహా బాధ్యుడు. నలుగురు దగ్గరివారికి తప్ప పెద్ద రైతు బృందమునకు ఇది తగదు.

సహకార సంఘములకు 1964 నాటి చట్టము, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము అను రెండు కలవు. మొదటిదానిలో సహకార శాఖ పర్యవేక్షణ ఎక్కువ. రెండవదానిలో సంఘము ప్రభుత్వ వాటా ధనము తీసికొనక, తన నియమావళిని తానే ఏర్పరచుకొని నడచును.

ఉత్పత్తిదారుల కంపెనీ అను రూపము 2002 నాటి సవరణతో కంపెనీల చట్టములో చేరినది; ఇప్పుడది 2013 నాటి కంపెనీల చట్టములో భాగము. కనీసము పదిమంది ఉత్పత్తిదారులు కలిసి దీనిని స్థాపింపవచ్చును. వ్యక్తులు సభ్యులుగా నున్నచోట ఎన్ని వాటాలున్నను ఒక్కరికి ఒక్క ఓటే. డైరెక్టర్లు ఐదుగురికి తగ్గక, పదిహేనుమందికి మించక ఉండవలెను. డైరెక్టర్ల మండలి మూడు నెలలకు ఒకసారియైనను సమావేశము కావలెను. రిజిస్టరు అయిన 90 దినములలో మొదటి వార్షిక సర్వసభ్య సమావేశము జరుపవలెను. సభ్యులలో నాలుగవ వంతు హాజరైననే కోరము. పూర్తికాలము పనిచేయు ముఖ్య కార్యనిర్వహణాధికారి ఒకరు తప్పక ఉండవలెను. ఆయన సభ్యులలోనివాడు కారాదు.

ఈ కడపటి నియమమును చాలమంది బరువుగా తలచుచున్నారు. "మనలో చదువుకొన్న కుర్రవాళ్లు లేరా సార్, బయటివాడెందుకు?" అని నన్ను పలుమారు అడిగిరి. దాని ఉద్దేశము స్పష్టమే. సరకు పోయువాడే సరకు కొని ధర కట్టునట్టి స్థానములో నుండరాదు. యజమానులు వేరు, పని నడుపువారు వేరు అను హద్దును చట్టమే గీసినది.

ఒక నమూనా

నాలుగు గ్రామములలో 320 మంది సభ్యులున్న సంస్థ నొకదానిని ఊహింపుడు. దాని నిర్మాణము ఈ విధముగా నుండవచ్చును.

(1) ఇరువదిమందికి ఒక బృందము చొప్పున 16 బృందములు. ఒక్కొక్క బృందమునకు ఒక నాయకుడు. సభ్యుని ఫిర్యాదు మొదట ఇచ్చటికి రావలెను.

(2) గ్రామమునకు ఇద్దరు చొప్పున 8 మంది డైరెక్టర్లు. వీరిలో మహిళా రైతులు, కౌలు రైతుల కష్టములు తెలిసినవారు ఉండుట అవసరము.

(3) ఒక ముఖ్య కార్యనిర్వహణాధికారి. ఆయన క్రింద లెక్కల గుమాస్తా, గిడ్డంగి బాధ్యుడు, దుకాణపు బాధ్యుడు. ఈ ముగ్గురును ఆయనకే జవాబుదారులు. డైరెక్టర్లు వీరికి నేరుగా ఆజ్ఞలు ఇయ్యరాదు.

(4) ఖర్చునకు హద్దులు. ఉదాహరణకు 5,000 రూపాయల వరకు ముఖ్య అధికారి సొంతముగా, 50,000 వరకు ముగ్గురు డైరెక్టర్ల కొనుగోలు ఉపసంఘము, అంతకు మించినచో డైరెక్టర్ల మండలి నిర్ణయింపవలెను. బ్యాంకు చెక్కుపై ఇద్దరి సంతకములు ఉండవలెను.

(5) సర్వసభ్య సమావేశమునకు కోరము 80 మంది. వ్యవసాయ పనుల ఒత్తిడి లేని దినము చూచి జరుపవలెను.

ఇందులో ముఖ్య అధికారి క్రింద ముగ్గురే ఉన్నారు. పని పెరిగినను ఒకరి క్రింద ఐదారుగురికి మించకుండ చూచుకొనుట మేలు. అంతకు మించినచో ఎవరి పనియు ఆయన కంటికి సరిగా ఆనదు.

కాటా ఒకరిది, లెక్క ఒకరిది, పెట్టె ఒకరిది

ఏ పద్ధతి ఎన్నుకొన్నను ఈ ఒక్క నియమమును విడువరాదు. తూకము వేయువాడు, లెక్క వ్రాయువాడు, సొమ్ము ఉంచుకొనువాడు – ముగ్గురును వేరుగా నుండవలెను.

ఇది మనకు క్రొత్త కాదు. పూర్వము కోస్తా, రాయలసీమ గ్రామములలో శిస్తు వసూలు చేయునది మునసబు, లెక్క వ్రాయునది కరణము. తెలంగాణ గ్రామములలో వసూలు మాలీ పటేలుది, లెక్క పట్వారీది. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో ఆ గ్రామోద్యోగములు రద్దయినవి. వంశపారంపర్యపు ఆ పదవులలో దోషములు ఎన్నియో ఉన్నవి. వాటిని తిరిగి కోరువారు లేరు. కాని చేతిలో సొమ్ము ఉన్నవానికి కలము ఇయ్యరాదు, కలము ఉన్నవానికి సొమ్ము ఇయ్యరాదు అన్న ఏర్పాటులోని తెలివి మాత్రము నేటికిని పనికివచ్చునదే.

సరకు దిగిన వెంటనే బస్తాల సంఖ్య, తూకము, తేమ శాతము వ్రాసి మూడు ప్రతుల రశీదు ఇయ్యవలెను. ఒకటి రైతుకు, ఒకటి గిడ్డంగికి, ఒకటి లెక్కల గుమాస్తాకు. నెల చివర చిట్టాలోని నిలువ, గిడ్డంగిలోని బస్తాలు సరిపోయినవో లేదో ఇద్దరు డైరెక్టర్లు వెళ్లి లెక్కించి సంతకము చేయవలెను. నిజాయితీపరునికి ఈ కాగితములే కవచము. లెక్క ఉన్నచోట ఆయనపై అపనింద రాదు.

పొరపాట్లు ఎచ్చట జరుగును?

మొదటిది, అన్ని పనులకును ఉపసంఘములు వేయుట. పదిమందిలో పాము చావదని సామెత. ఆలోచనకు పదిమంది కావలెను గాని, పనికి ఒక్కని పేరు వ్రాయవలెను. "సభ్యులందరును చూచుకొనవలెను" అని తీర్మానము వ్రాసినచో ఎవరును చూచుకొనరు.

రెండవది, పెద్ద సంస్థను చూచి చిన్న సంస్థ బట్టలు కుట్టించుకొనుట. అరవైమంది సభ్యులున్న సంఘమునకు మూడు విభాగములు, ఏడుగురు అధికారులు అక్కరలేదు. జీతములకే వాటా ధనము సరిపోవును. వరుస పద్ధతితో మొదలుపెట్టి, పని పెరిగినకొలది పనులవారీ పద్ధతికి మారవలెను.

మూడవది, ఒకసారి వ్రాసిన నిర్మాణమును ఎన్నడును మార్చకుండుట. ప్రతి సంవత్సరము సర్వసభ్య సమావేశమునకు ముందు గోడమీది పటమును దించి చూడుడు. ఏ పేరు దగ్గర పని ఎక్కువై నిలిచిపోవుచున్నది? ఏ పేరు దగ్గర పనియే లేదు? ఎవరైనను నెల దినములు మంచమెక్కినచో ఆ పని ఎవరు చేయుదురు? ఈ మూడవ ప్రశ్నకు జవాబు లేని చోట వెంటనే మరియొకరికి ఆ పని నేర్పవలెను.

ముగింపు

పైన చెప్పిన వేరుశనగ గ్రామపు రైతులు కొన్ని సంవత్సరముల తరువాత మరల కలిసిరి. ఈసారి మొదటి సమావేశమునకు నన్ను పిలిచిరి. పాత అధ్యక్షుడు కూడ వచ్చినాడు. అందరును మరల ఆయన పేరే చెప్పిరి. ఆయన లేచి, "సార్, పేరు నాది పెట్టుకోండి, కాదనను. కాటా మాత్రం నా వాకిట్లో వద్దు. రశీదు పుస్తకం నా చేతికి ఇవ్వొద్దు. నేను లేని రోజున కూడా పని జరిగేటట్లు రాయండి" అన్నాడు. ఆ దినమున మేము వ్రాసినది రెండు పేజీలే. సమావేశములో అన్నిటికంటె ఎక్కువ సేపు పట్టినది కూడ ఆ రెండు పేజీలకే.

మీ గ్రామములో సంఘము పెట్టదలచినచో మొదట అట్టి రెండు పేజీలు వ్రాయుడు. ఇప్పటికే సంఘమున్నచో, ఈ నెల సమావేశములో ఒక తెల్లకాగితము నడుమ పెట్టి, ఏ పని ఎవరిదో, ఎవరు ఎవరికి జవాబుదారియో, ఎవరి హద్దు ఎంతయో అందరి ఎదుట వ్రాయుడు. సందేహము వచ్చినచోట మీ మండల వ్యవసాయ అధికారిని, సహకార శాఖ అధికారిని అడుగుడు. చట్టపు నియమములు, పథకముల నిబంధనలు మారుచుండును గనుక వారివద్ద తాజా వివరములు తెలిసికొని పని ప్రారంభింపుడు.